ఇనుప అంగీ

తార నోరు విప్పేది వారానికి ఒక్కసారే, అదీ ఆటలోనే. తండ్రి మహేందర్ సదాశివనగర్ దగ్గర బండి మీది నుంచి పడి చనిపోయినప్పటి నుంచి ఆ ఎనిమిదేళ్ల పిల్లకు మాట లేదు. ఉక్కపోస్తుందని హెల్మెట్ ఇంట్లోనే వదిలి వెళ్లిన మనిషి అతను. ఆదివారం మేనమామ అభిలాష్ కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి బస్సెక్కి వచ్చి, సంచిలోంచి ఇరవై ముఖాల పాచిక తీసి కోటలు, రాక్షసుల కథ నడిపిస్తే మాత్రం తార అందులో మంత్రగత్తె అయిపోయేది. ఆపితే ఆగేది కాదు. ఆ గొంతు వినడం కోసమే తల్లి సుష్మిత కూడా ఆటలో చేరి దొంగ వేషం కట్టింది.

ఆ మధ్యాహ్నం బీడీల చాట మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. తునికాకు పక్కకు నెడితే పాచిక బయటికి దొర్లిపోకుండా చాట అంచే అడ్డం.

"మనకు దొరికిన బంగారమంత పెట్టి తారకు ఇనుప అంగీ కొంటున్న తమ్మీ," అంది సుష్మిత.

"మంత్రాలేసేటోళ్లకు ఇనుమెందుకే అక్కా? చేతులాడవు, మంత్రం తప్పుతది. నడిస్తే ఊరంత ఇనవడ్తది."

"దెబ్బ ఆగుతదా, లేదా?"

"ఆగుతది, కని..."

"ఆగుతదంటె తొడుగు."

"నాకొద్దమ్మా, బరువైతది. నువ్వు తోలుది ఏసుకున్నవ్ గద!"

"నేను దొంగను బిడ్డా, సప్పుడు గావద్దు. నాకేమైతె ఏంది?"

వంటింట్లోంచి సుష్మిత అత్త భూదవ్వ కేకేసింది. "ఇనుము గినుము అంటున్నరు, పాత సామాన్ల దుకాణం పెడ్తున్నరా ఏంది?"

తార పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి సుష్మిత ఇక ఆ మాట ఎత్తలేదు. అంగీ మాత్రం మంత్రగత్తె ఒంటి మీదే ఉండిపోయింది.

ఆటలో వాళ్లు చేరిన కోటలో రాక్షసులు నిద్రపోతున్నారు. వాళ్ల మధ్య నుంచి అవతలి తలుపు చేరాలి. సుష్మిత పాచిక వేసింది. తోలు అంగీ దొంగ పిల్లిలా దాటిపోయింది.

"ఇనుము తొడిగినోళ్లు రెండుసార్లు ఏయాలె, తక్కువొచ్చిందే లెక్క," అన్నాడు అభిలాష్.

తారకు మొదట పద్దెనిమిది పడింది. తర్వాత నాలుగు. రాక్షసులు లేచి కూర్చున్నారు.

"నిద్రమంత్రం ఏస్తున్న!" తార పాచిక విసిరింది. పదమూడు పడింది.

"ఉత్తగుంటె పది సాలు. ఇనుముల పదిహేను రావాలె తారా."

అంగీ మొదటి దెబ్బ ఆపింది. రెండోదీ ఆపింది. అవతలి తలుపు దగ్గర నుంచి దొంగ పరిగెత్తుకొచ్చేసరికి రాక్షసులు మంత్రగత్తెను చుట్టేశారు. అభిలాష్ గొంతు తగ్గించి, ఆమె పడిపోయిందని, ఇక లేవదని చెప్పాడు.

సుష్మిత పాచిక మీద చెయ్యి కప్పేసింది. "ఇది లెక్కకు రాదు. చాట కదిలింది. మళ్లొక్కసారి ఏయనియ్ తమ్మీ, నీ కాళ్లు మొక్కుత."

"కదలలే," అంది తార.

"పోనీ తీ, కొత్త మంత్రగత్తెను చేసుకుందమా?" అభిలాష్ వేషం వివరాలు రాసుకునే కాగితం తార ముందుకు జరిపాడు.

తార తల్లి వైపు చూడలేదు. మామకే చెప్పింది. "వద్దు మామా. అమ్మ దానికి గూడ ఇనుమే తొడుగుతది."

తొడగనని ఒక్క మాటంటే చాలు. సుష్మిత నోరు తెరిచింది. ఉత్త అంగీతో ఆ పిల్ల రాక్షసుల మధ్య నడుస్తున్నట్టు కళ్లకు కట్టింది. తెరిచిన నోరు మూసుకుని, పక్కకు నెట్టిన తునికాకును చాట మధ్యకు లాక్కుంది.

తార కాసేపు ఎదురుచూసింది. తర్వాత లేచి అటు తిరిగి పడుకుంది. అభిలాష్ ఎంత పిలిచినా పలకలేదు.