దాచు

మా నాన్న వెంకటసుబ్బయ్య ఉద్యోగమంతా ఢిల్లీ పిల్లలకి తెలుగు చెప్పడంలోనే గడిపారు. ఇంట్లో ఎవరైనా ‘ఠీక్ హై’ అంటే కళ్ళెర్ర చేసే మనిషి. అలాంటి మనిషి గొంతుకి క్యాన్సరొచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఇక మాట ఉండదని డాక్టరు చెప్పిన రోజు అమ్మ ఏడ్చింది, నేను డాక్టరు మీద అరిచాను, నాన్న మాత్రం ఇంటికొచ్చే దారిలో ఒక మైకు కొన్నారు.

సాకేత్‌లో మా ఫ్లాటు వెనక గదిలో ఫ్యాను ఆపేసి, కంప్యూటరు ముందు కూర్చుని, మిగిలిన జీవితానికి సరిపడా మాటలు రికార్డు చేసుకోవడం మొదలుపెట్టారు. తర్వాత ఏ మాట మీద నొక్కితే ఆ మాట పలుకుతుంది. “జానకీ, కాఫీ పెట్టావా?” “శ్రుతీ, మెట్రో దిగగానే ఫోన్ చెయ్యమ్మా.” “ఆ టీవీ కట్టెయ్యండి, చచ్చిపోతున్నాను.” అమ్మని విసుక్కునే మాటలే ఎక్కువ. “తిట్లు కూడా దాచుకోవాలా?” అని అమ్మ నవ్వింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

ఒక మధ్యాహ్నం రికార్డింగు నడుస్తుండగా కంప్యూటరు అప్‌డేట్ అంటూ తనంతట తనే ఆగి మళ్ళీ మొదలైంది. అప్పటిదాకా చదివినదంతా పోయింది. గొంతు రోజురోజుకీ పూడుకుపోతున్న మనిషికి అది చిన్న నష్టం కాదు.

నోయిడాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా మేనత్త కొడుకు విష్ణువర్ధన్ వచ్చి ఒక ఉచిత ప్రోగ్రాం పెట్టాడు. కంప్యూటరు కంపెనీ వాళ్ళది కాదు, ఎవరో సరదాకి చేసి నెట్‌లో ఊరికే ఇచ్చినది. ఏ అప్‌డేట్ రావాలో, ఏది రాకూడదో మనమే చెప్పొచ్చు. దాని బటన్లన్నీ తెలుగులోకి మార్చింది తనేనని బావకి కాస్త గొప్ప. ఆ తెలుగు చూసి నాన్న మొహం వెలిగిపోయింది.

“రోజూ ఒకసారి చూసుకో మామయ్యా. భద్రత అని ఉన్నవి మాత్రం వదలకు,” అని చెప్పి బావ మెట్రోకి పరిగెత్తాడు.

నాన్న ఒక్కటీ వదల్లేదు.

ఆపరేషన్ అయింది. మెడ మీద కన్నం, అందులోకి ఢిల్లీ పొగ పోకుండా పల్చటి గుడ్డ. మాట కంప్యూటర్లోంచి వచ్చేది. “కాఫీ పెట్టావా?” అని వినబడగానే అమ్మ “ఆఁ, పెడుతున్నా, కాస్త ఆగండి” అని వంటింట్లోంచి కేకేసేది. ఆ చలికాలం మేం దాదాపు సుఖంగానే ఉన్నాం.

ఒక పొద్దున కాఫీ మాట నొక్కితే ఏమీ పలకలేదు. ఫైళ్ళన్నిటికీ ఎవడో తాళం వేశాడు. డబ్బు కడితే తీస్తామని తెరనిండా ఇంగ్లీషు. కట్టాం కూడా. తియ్యలేదు, దొంగ వెధవలు. ఎప్పుడూ ఆ కంప్యూటరుకే తగిలించి ఉంచిన హార్డ్‌డిస్కులో కాపీలదీ అదే గతి.

బావ వచ్చి చాలాసేపు వెతికాడు. చివరికి మొహం పాలిపోయి ఇటు తిరిగాడు.

“మామయ్యా, భద్రత అప్‌డేట్లు ఒక్కటీ ఎక్కలేదు. వాడు ఆ సందులోంచే వచ్చాడు. అన్నిటికీ ‘దాచు’ నొక్కావేంటి?”

నాన్న పలక మీద రాశారు: “వదలొద్దన్నావుగా. దాచాను.”

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఇంగ్లీషులో ‘హైడ్’ అని ఉన్నచోట బావ ‘దాచు’ అని పెట్టాడు. ఇది వద్దు, మళ్ళీ నా కంట పడనివ్వకు అని అక్కడ దాని అర్థం. నాన్నకి దాచడమంటే దాచుకోవడమే. నొక్కగానే అప్‌డేట్ తెర మీంచి మాయమైతే, బీరువాలోకి భద్రంగా వెళ్ళిందనుకున్నారు. ఇద్దరి తెలుగులోనూ తప్పు లేదు. ఎవర్ని తిట్టాలో తెలీక నేను కుర్చీని తన్నాను.

బావ ఫోన్ తీసి ఏదో వెతకసాగాడు. నాన్నకి వాయిస్ మెసేజీలంటే చిరాకు, వీడియో తీస్తే మూగనోము పట్టేవారు. మా ఫోన్లలో ఆయన మాట ఎక్కడా లేదు. బావ దగ్గర మాత్రం ఒకటి ఉంది, ఆపరేషన్‌కి ముందురోజు పంపినది. మీటింగులో ఉండి వినకుండానే పైకెత్తిన బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడట. ఇప్పుడు నొక్కాడు.

“ఒరే విష్ణూ, బ్రహ్మాండమైన తెలుగు పెట్టావురా. భద్రతవి ఒక్కటీ వదల్లేదు, అన్నీ దాచేశాను. సరిగ్గానే చేశానా? ఒకసారి చెప్పు.”

వంటింట్లోంచి అమ్మ “ఏమండీ” అంటూ పరిగెత్తుకొచ్చింది. బావ రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. నాన్న పలక తుడిచి, మెల్లగా రాసి, అతని ముందు పెట్టారు.

“ఇంకోసారి పెట్టు.”