మాటల్లేని పది నిమిషాలు

రెండు కిలోల మైదా, ఒక పెద్ద గిన్నె, ఒక గుడ్డ. తినడానికి కాదు, కాలేజీలో నాటకానికి అంది ఇంటి యజమానురాలు సల్మా మేడమ్. పిండితో నాటకమేమిటో హుస్సేన్‌బీకి అర్థం కాలేదు. అయినా అడగకుండా సంచీలో సర్దింది.

కారులో కూర్చున్నాక ఫోన్లో మొగుడు దస్తగిరి పంపిన మాట మళ్లీ విన్నది. "ఇంగో రెండేండ్లు ఉండుమే. ఈడికొచ్చి ఊరికే కూకోని ఏం జేస్తావు?"

ఈ అరబ్బు దేశంలో పనికి ఉండనిచ్చే ఇఖామా కార్డు గడువు నెలాఖరుకు తీరిపోతుంది. ఉంటుందో, దేశం విడిచే ఖురూజ్ ముద్ర కొట్టించుకుని ఇంటికి పోతుందో సాయంత్రంలోగా చెప్పమంది మేడమ్.

ఊరికే కూకోని. ఖమీస్ ముషైత్ కొండల మీదికి మబ్బు దిగుతుంటే, నాలుగేళ్ల కింద ఇక్కడికి వచ్చేదాకా రాయచోటి పక్క పల్లెలో చేసిన ఇరవై ఏళ్ల కాపురంలో తాను ఊరికే కూర్చున్నది ఎప్పుడా అని వెతుక్కుంది. కాన్పుల్లో కూడా దొరకలేదు. ఒకసారి జనాభా లెక్కలాయన ఇంటికొచ్చి, మీ ఆడామె ఏం పని చేస్తుందని అడిగాడు. దస్తగిరి బీడీ ఆర్పకుండానే, "ఏం లేదు సార్, ఇంట్లోనే ఉంటాది" అన్నాడు. అరుగు మీది అత్త "అంతే గదా" అంది. అప్పుడు హుస్సేన్‌బీ నెత్తిన ఒక బిందె, చంకలో ఒకటి. ఆమెకు చదువు రాదు. కానీ ఆయన పెన్ను కాగితం మీద ఎంత పొట్టిగా కదిలి ఆగిపోయిందో చూసింది. అదే పని ఈ దేశంలో చేస్తే, దానికో పేరు అచ్చేసి కార్డు చేతికిచ్చారు.

ఆడపిల్లల కాలేజీలో ఐదు రోజులుగా వేసవి బడి నడుస్తోంది. ఐర్లాండు నాటకాలు రాసిన ఒకాయన పుట్టి నూరేళ్లయిందట. నలభైమంది ఆయన రాసినవి చదివారు, వాదులాడుకున్నారు. హుస్సేన్‌బీ వాళ్లకు గహ్వా కాఫీ పోసింది, కప్పులు కడిగింది. ఈరోజు ఆఖరిది, ఒక నాటకం ఆడి చూపిస్తారు.

దీపాలు తగ్గాయి. వేదిక మీద ఒక పొయ్యి, ఒక బల్ల, ఒక చీపురు. పల్లెటూరి ఇల్లాలి వేషంలో ఒక అమ్మాయి వచ్చి ఊడ్చింది. పొయ్యి రాజేసింది. నీళ్లు తెచ్చింది. ఎవరూ మాట్లాడరు. హుస్సేన్‌బీ గోడ వారగా కాసేపు ఓపిక పట్టింది.

"నాటకం యెప్పుడు మొదలైతాది పాపా?" అని పక్కనున్న కర్నూలు లెక్చరర్ రిజ్వానాను అడిగింది.

"ఇదే నాటకం అక్కా. పది నిమిషాలు ఆమె పని చేస్తానే ఉంటాది. పనయ్యేదాకా ఇంకెవరూ నోరు తెరవగూడదని రాసినాయనే రాసిపెట్టినాడు."

"మొగోడేనా రాసింది?"

"మొగోడే."

"పెండ్లాం చెప్పింటాది."

రిజ్వానా నవ్వు ఆపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. హుస్సేన్‌బీ నవ్వలేదు. నలభైమంది జనాన్ని చూస్తోంది. చదువుకున్నవాళ్లు, కార్లున్నవాళ్లు, చీపురు ఎటు కదిలితే అటే చూస్తున్నారు. మసీదులో ఉన్నంత నిశ్శబ్దం.

అంతలో ఆ అమ్మాయి చెయ్యి తగిలి గిన్నె ఒరిగింది. మైదా బల్ల మీదా నేల మీదా పడింది. అమ్మాయి బిగుసుకుపోయింది. ఎవరింట్లో ఏది ఒలికినా హుస్సేన్‌బీ కాళ్లు ఆమెను అడగవు. వేదిక ఎక్కేసింది. గొంతుక్కూర్చుని నేల తుడిచింది. గిన్నెలో మిగిలిన పిండి పొడిపొడిగా ఉంటే చెంబుతో నీళ్లు చిలకరించి, మణికట్టుతో ఒత్తి, తిప్పి, మళ్లీ ఒత్తింది. ముద్ద మీద వేలితో ఒకసారి నొక్కి చూసి, గుడ్డ కప్పి, చేతులు దులుపుకుంది.

అప్పుడు తెలిసింది ఎక్కడ నిలబడిందో. ఎదురుగా నలభై ముఖాలు. ఎవరూ కదలడం లేదు. మేడమ్ లేచి నిలబడి ఉంది. అయిపోయాను అనుకుంది.

ముందు వరుసలో, ఐర్లాండు నుంచి వచ్చిన ముసలి టీచరమ్మ ఏదో అడిగింది. రిజ్వానా కింద నుంచే చెప్పింది: "గుడ్డ కప్పేముందు వేలితో ఎందుకు నొక్కినావని అడుగుతాంది అక్కా."

ఇరవై నాలుగేళ్లుగా నొక్కుతోంది. ఎందుకని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. చూస్తేగదా అడిగేది. హుస్సేన్‌బీ గుడ్డ ఎత్తి, ముద్దను మళ్లీ వేలితో నొక్కి చూపించింది.

"గుంట మళ్లా పైకి లేస్తే పిండి కుదిరినట్టు" అంది మెల్లగా.

రిజ్వానా అది ఇంగ్లీషులో చెప్పింది. ముసలామె తల ఊపి, ఒళ్లోని పుస్తకంలో రాసుకుంది. ఆ పెన్ను చాలాసేపు కదిలింది. హుస్సేన్‌బీ అది ఆగేదాకా చూసి గానీ దిగలేదు.

తిరుగుదారిలో, మేడమ్ అడగకముందే తనే చెప్పింది. "ఖురూజ్ కొట్టించు మేడమ్."

ఫోను నోటి దగ్గర పెట్టుకుని దస్తగిరికి మాట పంపింది.

"వస్తాండా. వచ్చినంక ఒక పొద్దంతా నేను పని చేస్తా. నువ్వు మంచం మీద కూకోని సూడల్ల. నా పని అయ్యేదాకా నోరు తెరవగూడదు."