మేత బంద్

షెడ్డు తలుపును ద్వాలి తోయగానే కోళ్లన్నీ బోనుల్లోంచి మెడలు బయటికి చాపాయి. రోజూ ఈ వేళకు మేత బండి తోసుకుంటూ వచ్చే మనిషి ఆమే. ఇవాళ ఆమె చేతిలో ఉన్నది ఖాళీ గోనెసంచి. అది వాటికి తెలియదు. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా చిన్నప్పుడే కాల్చేసిన మొండి ముక్కులతో ఖాళీ తొట్టిని టకటకా పొడవసాగాయి.

మేతా నీళ్లూ నిన్ననే ఆపేశారు. సూపర్‌వైజర్ బసవపున్నయ్య ఆ మాట చెప్పినప్పుడు ఆమె, "మేత లోడు రాలేదా సారు?" అని అడిగింది.

"గోదాం నిండా ఉంది. వీటికి గుడ్లు తగ్గినయి. కొన్నాళ్లు మాడిస్తే ఈకలు రాల్తయి, మళ్ల కొత్త పెట్టలోలె పెడతయి. అన్ని ఫారాలల్ల చేసేదే. నువ్వు చచ్చినయి ఏరు, చాలు."

ఏరుతోంది. రేకుల కింద ఎండాకాలపు వేడి కుంపటిలా ఉంది. రెక్క చాపడానికి చోటులేని బోనులో ఒకటి చచ్చిపడితే మిగతావి దాని మీదే నిలబడ్డాయి. గోళ్లు పెరిగి తీగకు మెలిపడిపోయాయి. ఒక్కొక్క వేలూ విప్పితే గాని కోడి బయటికి రాలేదు. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. సంచి మాత్రం త్వరగానే నిండింది.

అశ్వారావుపేట అవతలి తండాలో ఆమెకు ఒకప్పుడు మేకలుండేవి. చుట్టూ పామాయిల్ తోటలు లేచాక మేపే చోటు లేక అమ్మేసి ఈ పనికి వచ్చింది. పెంట ఘాటుకు కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. దగ్గు దవాఖానా మందులకు లొంగలేదు. ఎంత రుద్ది కడుక్కున్నా వాసన పోదని కోడలు ఆమె మంచం వసారాలో వేయించింది. ద్వాలి తన దుప్పటి తీసుకుని అక్కడికే మారింది. ఫారంలో ఆమెకు మంచి మనిషని పేరు. ఎప్పుడూ ఏదీ అడగకపోవడం వల్ల వచ్చిన పేరు అది.

మధ్యాహ్నం షెడ్డు నీడన కూర్చుని జొన్నరొట్టె విప్పింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. గోడ అవతల టకటక ఆగలేదు. వానలు లేని ఏడాది, ఆమె పసిదిగా ఉన్నప్పుడు, తల్లి ఇప్పపువ్వు ఉడికించి పెట్టేది. అదీ దొరకని పూట నీళ్లన్నా తాగమని ముంత అందించేది. ఇంట్లో లేక పెట్టలేదు అమ్మ. ఇక్కడ తాళం వేసిన గోదాములో మేత పైకప్పు దాకా ఉంది. మిగిలిన రొట్టె మళ్లీ మూటకట్టేసింది. ద్వాలి లేచి వెళ్లి నీళ్ల ట్యాంకు వాల్వు తిప్పేసింది.

గొట్టాల్లో నీళ్లు కదిలిన చప్పుడుకు షెడ్డంతా అల్లకల్లోలమైంది. బసవపున్నయ్య ఆఫీసు గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నవే? బ్యాచంతా ఖరాబైతది. బంద్ చెయ్."

ద్వాలి వాల్వుకు వీపు ఆనించి నిలబడింది. "మీ ఇంట్ల బాలింతకు పాలు తగ్గితే గిట్లనే మాడుస్తరా సారు?"

"కోడికీ మనిషికీ పోలికేంది?"

"పోలిక చెప్తలేను. నీళ్లు అడుగుతున్న."

"రేపటి సంది పనికి రాకు."

"రాను. చివరి బోను దాకా నీళ్లు పోనియ్. అప్పుడు జరుగుత."

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె కదలలేదు. గొంతు చించుకుని అరిచాడు, ఓనరుకు ఫోన్ చేశాడు, మళ్లీ అరిచాడు. ద్వాలి అతని వైపు చూడలేదు. కిటికీ జాలీలోంచి కోళ్లనే చూస్తూ నిలబడింది. ఒక్కొక్క వరుసే చప్పుడు తగ్గుతూ పోయింది. చివరి వరుసలో కోళ్లు మెడలెత్తి గుటకలు వేయడం కనిపించాక పక్కకు జరిగింది.

అతను వాల్వు బిగించి, ఇక తిరగకుండా ఇనుప తీగ చుట్టాడు. రేపటి నీళ్లకు దారి లేదని ఆమెకు తెలుసు. గేటు దాటి, మట్టిబాట పట్టి, వెనక్కి చూడకుండా తండా వైపు వట్టి కాళ్లతో నడిచిపోయింది.

ఫారం వాళ్లు ఇచ్చిన రబ్బరు బూట్లు, ఎవరో మగమనిషి కొలతవి, కాళ్లు ముంచి లోపలికి రావాలని షెడ్డు గుమ్మంలో పోసి ఉంచిన సున్నపు నీళ్లలో పక్కపక్కనే నిలబడి ఉన్నాయి.