రెండో చరణం

"మొదటి చరణం అయిపోయింది, ఇంకా కూర్చున్నావా?" మా ఆయన ఈ మాట నోటితో అనరు, కళ్ళతో అంటారు. నేను లేస్తాను.

మా వీధి చివరి హాల్లో నెలకో ఆదివారం సాయంత్రం అందరం చేరి పాడుకుంటాం. టికెట్టు లేదు, మైకు లేదు, ఎవరి కుర్చీ వాళ్ళే మోసుకొస్తారు. దర్జీ మెడలో టేపు తీయడం మరిచిపోయి పాడతాడు. పోస్ట్‌మాన్ మాటలు మరిచిపోతే హాలంతా అందిస్తుంది. నాకు ఆ సాయంత్రాలంటే ప్రాణం. చిక్కల్లా టీతోనే. పాట ముగిసేసరికి పాడినవాళ్ళ చేతిలో వేడి టీ ఉండాలి, గొంతు ఆరిపోకుండా. అందుకని ప్రతి పాటకీ మొదటి చరణం కాగానే వెనకగదిలోకి పరిగెత్తి పొయ్యి వెలిగించాలి. ఆ పొయ్యి హోరులో మిగతా పాట వినబడదు. ఆ ఆనవాయితీ పెట్టింది మా మామగారు, మోసింది మా అత్తగారు. ఆయన పోయాక హాలు పెత్తనం కొడుక్కి వచ్చింది. ఆవిడ మోకాళ్ళు పట్టేశాక పొయ్యి నాకొచ్చింది.

అత్తగారు గిన్నెలు తోముతూ ఒకటే పాట కూనిరాగం తీసేవారు. గుమ్మంలో నిలబడి ఎదురుచూసే ఆడమనిషి పాట అది. మొదటి చరణం దగ్గర ఠక్కున ఆగిపోయేది.

"తర్వాతేంటి అత్తయ్యా?"

"ఏమోనమ్మా. నేను లేచొచ్చేశాగా."

నవ్వుతూనే అన్నారు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

పోయిన వానాకాలంలో ఆవిడ వెళ్ళిపోయారు. తర్వాతి నెల పాటలప్పుడు టీ వడకడుతుంటే నా వెనకే కూనిరాగం వినిపించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. పై నెలా వినిపించింది, అక్కడే ఆగింది. మా ఆయనకు చెబితే, "అమ్మ బతికుండగా ఎవర్నీ విసిగించలేదు, పోయాక విసిగిస్తుందా? నిద్ర చాలక నీకలా అనిపిస్తోంది," అన్నారు. మొన్న గ్లాసులు కడుగుతూ ఎందుకో గొంతు తడుముకున్నాను. వేళ్ళ కింద అదురుతోంది. ఆ పాడేది నేనే. ఆగిపోయేదీ నేనే. దయ్యానికి కూడా అంత భయపడి ఉండను.

ఈ ఆదివారం ఇంటినుంచి రెండు మడతకుర్చీలు మోసుకెళ్ళి ముందువరసలో వేశాను. ఒకదాంట్లో కూర్చున్నాను. పక్కింటి నర్సమ్మ సరిగ్గా ఆ పాటే ఎత్తుకుంది. మొదటి చరణం అయిపోయింది. మా ఆయన కళ్ళు అన్నాయి. నా కాళ్ళు అలవాటుకొద్దీ కదిలాయి, కుర్చీ పట్టె గట్టిగా పట్టుకున్నాను.

రెండో చరణంలో ఆ ఆడమనిషి గుమ్మం దిగి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడనైనా లేదు. ఇన్నేళ్ళూ అత్తాకోడళ్ళిద్దరం ఆవిణ్ణి అక్కడే నిలబెట్టి ఉంచాం. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

మా ఆయన వంగి గుసగుసగా, "టీ సంగతేంటి? పోనీ ఈ కుర్చీ అన్నా ఇవ్వు, మాస్టారు నిలబడి ఉన్నారు. ఖాళీయేగా?" అంటూ పక్క కుర్చీ మీద చెయ్యి వేశారు.

"కాదండీ. మీ అమ్మగారు కూర్చున్నారు."

ఆయన చెయ్యి తీసేశారు. నావైపు, కుర్చీవైపు చూసి, వెనకగదిలోకి వెళ్ళారు. కాసేపటికి ఒకదాని తర్వాత ఒకటి డబ్బాల మూతలు తెరుస్తున్న చప్పుడు. టీపొడి ఎక్కడుంటుందో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇద్దరమూ పాట వింటున్నాం.