లాంతరు ముసలాయన కోటు

పొద్దున్న తొమ్మిదింటికి అక్క టారో కార్డుల బల్ల తుడిచేసరికి చెల్లెలు కుట్టుమిషనుకు నూనె వేసేది. ఇద్దరికీ ఒకటే గది. మధ్యలో తెర ఉండేది గాని, అది కంటికే తప్ప చెవికి అడ్డం కాదు. తెరకు ఇటు అక్క జనాల భవిష్యత్తు చెబుతుంటే, అటు చెల్లెలు వాళ్ళ ప్యాంట్ల పొడవు తగ్గించేది.

కార్డుల్లో ఒక ముసలాయన ఉన్నాడు. చేతికర్ర పట్టుకుని, లాంతరు ఎత్తి, కొండ మీద ఒక్కడే నిలబడి ఉంటాడు. ఆ లాంతరు వెలిగేది. కరెంటు పోతే చెల్లెలు ఆ కార్డు అడిగి తీసుకుని, దాని ముందు సూదిలో దారం ఎక్కించుకునేది. ఓసారి కార్డులు చూపించుకోవడానికొచ్చిన లెక్కల టీచరమ్మ మాత్రం విసుక్కుంది. "ఆయన్ని కాస్త ఒత్తి తగ్గించమనండి, కళ్ళల్లో పడుతోంది!" ముసలాయన తగ్గించాడు.

చెల్లెలికి నలభై రెండేళ్ళొచ్చినా ఒక్క కోటు కూడా సొంతంగా కత్తిరించలేదు. కాగితం పరిచి గీత గీసేలోపు తెర అవతల ఎవరో ఒకరు ఏడ్చేవారు. ఆ ఏడుపు వింటూ గీసిన భుజం వంకరపోయేది. ఇంతలో ఎదురింటి మేడ మీద గది ఖాళీ అయింది. శనివారం దాకా ఆగుతాను, తర్వాత ఫొటోగ్రాఫరుకు ఇచ్చేస్తాను అంది ఇంటావిడ.

ఏం చేయాలో తేల్చుకోలేక చెల్లెలు రోజుకో కార్డు తీసింది. రోజూ ముసలాయనే వచ్చాడు.

"ఒంటరితనం," అనేది అక్క ప్రతిసారీ. "చూశావా? తిన్నావా అని అడిగే దిక్కు కూడా ఉండదు. వెళ్ళకు."

శనివారం మధ్యాహ్నం ఐదోసారీ ఆ మాటే విని, చెల్లెలు కుడుతున్న ప్యాంటు చేత్తో పట్టుకునే తెర జరిపింది.

"అక్కా, మొన్న టీచరమ్మకీ ఈయనే వచ్చాడుగా. ఆవిడకేం చెప్పావు?"

"ఏం చెప్పానూ?"

"కొన్నాళ్ళు ఏకాంతంగా ఉండండి, మీ మనసు మీకే తెలుస్తుంది అన్నావు. నాకు చెవులున్నాయి. ఆవిడకి ఏకాంతం, నాకేమో ఒంటరితనమా? ముసలాయన ఒక్కడే, నీకే రెండు నాలుకలు."

"అది వేరు, ఇది వేరు."

"సరే, ఈ అంచు చూడు. కుట్టు ఎక్కడుందో కనబడుతోందా?"

అక్క కళ్ళజోడు సర్దుకుని చూసింది. "లేదు."

"ఒంటిపోగుతో కుట్టాను. రెండు పోగులేస్తే గట్టిగానే ఉంటుంది, బస్తా మూతికి బాగుంటుంది. సన్నపని ఒంటిపోగుతోనే అవుతుందక్కా."

అక్క కార్డులన్నీ దగ్గరికి చేర్చి మళ్ళీ చెదరగొట్టింది. ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి సొంత చెల్లెలి ముందు తల వంచుకుని వాటిని ఒక్కొక్కటే ఏరసాగింది.

"నువ్వెళ్తే నాకు భయం," అంది చివరికి. "ఆ మిషను చప్పుడు లేకపోతే నాకు మాట రాదే. కార్డు నీకొచ్చింది, నేను చదివింది నా భయాన్ని."

"కిటికీ తెరిచే ఉంచుతా," అంది చెల్లెలు. "మన మిషను గురించి తెలియందేముంది, నాలుగిళ్ళకి వినబడుతుంది."

సాయంత్రం లోపే మిషను వీధి దాటింది.

సోమవారం అక్క బల్ల తుడిచి కార్డులు పరిస్తే, ముసలాయన కార్డులో కొండ మాత్రమే ఉంది. చేతికర్ర ఒక రాయికి ఆనించి ఉంది. మబ్బు పట్టిన పొద్దు కావడంతో ఎదురు మేడ కిటికీలో లాంతరు వెలుగు బాగా తెలుస్తోంది. "ఒక మాట చెప్పి వెళ్తే ఏం పోయింది," అని గొణుక్కుంటూ అక్క ఆ కార్డు పక్కన పెట్టింది. మిషను చప్పుడు వినబడుతూనే ఉంది. నాలుగు రోజులు ఆయన లేకుండానే పని నడిపింది, నడిచింది కూడా.

శుక్రవారం ఆయన వచ్చేశాడు. ఇన్నాళ్ళ బూడిదరంగు అంగీ లేదు. ఒంటి మీద ముదురు నీలం కోటు. భుజాలు తీరుగా కూర్చున్నాయి, లాంతరు ఎత్తిన చెయ్యి దగ్గర ఎక్కడా పట్టేసినట్టు లేదు. అక్క భూతద్దం తెచ్చి అంచంతా వెతికింది. కుట్టు కనబడలేదు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆరోజు మొదట వచ్చినావిడ ఒక నాటకాల కంపెనీ నడుపుతుంది. కార్డు తీసి, చూసి, తను అడగాలనుకున్నదే మర్చిపోయింది.

"ఈ కోటు ఎవరు కుట్టారండీ? మా కొత్త నాటకానికి ఇలాంటివి పన్నెండు కావాలి!"

"మా చెల్లెలు," అంది అక్క, కిటికీలోంచి ఎదురు మేడ చూపిస్తూ. "మెట్లెక్కగానే తలుపు. మెల్లగా తట్టండి, ఏకాంతంలో ఉంది."