పదకొండు రోజులూ అదే పుండు

బుచ్చవ్వ కుడికాలు మోకాలి కిందికి తీసేసి ఇంటికి పంపించారని డాక్టరు ఫోన్ చేసేసరికి స్తుతి కరీంనగర్‌లోని ఆఫీసులో చాయ్ తాగుతోంది. ఆయన తర్వాత అన్న మాటకు కప్పు కింద పెట్టేసింది.

"నాకొచ్చిన ఫోటోలల్ల పుండు శుభ్రంగనే ఉందమ్మా. మందు మార్చాల్సిన పనే కనబడలే."

షుగర్ ఉన్నవాళ్ల కాలిపుండ్లను ఊళ్లలోని ఆశా కార్యకర్తలు రోజూ ఫోటో తీసి డాక్టరుకు పంపే యాప్‌ను తయారుచేసింది స్తుతే. బుచ్చవ్వ ఫోటోలన్నీ తెరిచి పక్కపక్కన పెట్టుకుంది. పైన తేదీలు పదకొండు. కింద పుండు ఒక్కటే. దుప్పటి మడత కూడా మారలేదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి లక్సెట్టిపేట దగ్గరున్న ఆ ఊరికి పోయింది. ఆశా కార్యకర్త కోమల ఆమెను చూడగానే ఏడ్చేసింది.

"ఒక్క దినం గూడ తప్పలే మేడం, రోజూ తీసి పంపిన. పుండు నల్లబడుతుంటె నాకు బుగులైంది. సారేమో గదే మందు పెట్టుమని రాస్తుండె. ఊరోళ్లు నేనే సరిగ సూడలేదంటున్నరు."

స్తుతి ఆమె ఫోన్ తీసుకుంది. నాలుగేళ్ల కిందటి చవక ఫోన్. యాప్‌లోంచి కెమెరా తెరిచి ఎదురుగా ఉన్న గోడను ఫోటో తీసి పంపింది. 'చేరింది' అని పచ్చగుర్తు పడింది. తన ఫోన్‌లో చూస్తే వచ్చింది గోడ కాదు, బుచ్చవ్వ పుండు.

కెమెరా తెరుచుకోగానే ఆ ఫోన్‌లో మెమరీ చాలక వెనకున్న యాప్ మూతపడుతోంది. మళ్లీ తెరుచుకునేసరికి కొత్త ఫోటో సంగతి దానికి తెలియడం లేదు. దగ్గరున్న పాతదానికే ఆ రోజు తేదీ వేసి పంపేస్తోంది. స్తుతి ఆరు ఫోన్ల మీద పరీక్షించాకే యాప్ ఇచ్చింది. ఆరూ ఖరీదైనవే.

"తప్పు నీది కాదక్కా, నాది."

కోమల కళ్లు తుడుచుకుంది. "గా మాట అవ్వకు చెప్పుండ్రి మేడం. నేను చెప్తె నమ్మరు."

బుచ్చవ్వ వాకిట్లో మంచం మీద పడుకుని ఉంది. స్తుతి పక్కన కూర్చుని ఏదీ దాచకుండా చెప్పింది.

"కోమల ఫోటో తీస్తుంటె కాలు కదలకుండ పట్టుకునేదాన్ని బిడ్డా," అంది ఆ ముసలామె. "మంచిగ పడాలె అని."

స్తుతి ఆ వాకిట్లోనే యాప్ ఆపేసి, మిగతా రోగుల ఫోటోలు వెతికింది. మరో ముగ్గురివి అట్లాగే ఉన్నాయి. రోగులను వెంటనే దవాఖానకు తీసుకుపొమ్మని ముగ్గురు ఆశా కార్యకర్తలకూ ఫోన్ చేసింది. ఇద్దరు సరేనన్నారు. రాజయ్యను చూసే శ్రీరాంపూర్ ఆమె మాత్రం సరేననలేదు.

"రాజయ్య పోయి ఐదు దినాలాయె మేడం."

ఆ మధ్యాహ్నం స్తుతి కరీంనగర్ బస్సెక్కలేదు. రాజయ్య ఇల్లెక్కడో అడిగి తెలుసుకుని శ్రీరాంపూర్ బయలుదేరింది.