శాంతి కమిటీ ఉంచేసుకున్న చేతులు

శాంతి కమిటీ పెద్దలారా, ఆ చేతులు మీ దగ్గరే ఉన్నాయి. బుకాయించకండి. ఫొటో కోసం రేగులదొడ్డి ఊరి జానకిరాములు కుడిచేతిని, మొగిలిగుట్ట ఊరి ఓదెలు కుడిచేతిని కలిపించింది మీరే. ఫొటో పేపర్లో వచ్చింది. చేతులు ఇంటికి రాలేదు. నెత్తురు లేదు, నొప్పి లేదు. ఖాళీ చొక్కా చేతిలో గాలి ఆడుతుంది, అంతే. చేతులు అవతలి ఊరే దాచిందని రెండు ఊళ్ళూ నమ్ముతున్నాయి. మీరు నోరు విప్పరు.

నీరటి అనసవ్వకు నిజం తెలుసు. రెండు ఊళ్ళకూ కాలువ నీళ్ళు పంచే పని ఆమెది, ఆమె అమ్మది, అమ్మమ్మది. ఇవాళ మిట్టమధ్యాహ్నం ఆమె, మీ కమిటీ కూర్చునే ఆర్డీవో ఆఫీసుకు నడుస్తోంది. వరి పాలు పోసుకుంటోంది. పొద్దుగూకే లోపు నీళ్ళు తగలకపోతే గింజంతా తాలు.

తూము చక్రానికి రెండు పిడులు. ఏటా ఒక్కో ఊరు ఒక్కో చెయ్యిని ఎంచి పెడుతుంది. ఈ ఏడు జానకిరాములుది, ఓదెలుది. ఆ రెండు చేతులు తప్ప వేరే చెయ్యి వేస్తే చక్రం కదలదు. తిప్పుతున్నంత సేపూ ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోవాలి. తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టకూడదు. తిట్లు అయిపోతే వంతు అయిపోయినట్టు. అనసవ్వ చెయ్యెత్తుతుంది, తూము దించుతారు, ఇద్దరూ కలిసి ఒకే బీడీ కాలుస్తారు. నలభై ఏళ్ళలో ఒక్క తల పగల్లేదు.

కమిటీ ఒకసారి కారులో వచ్చి ఆ తిట్లు విన్నది. కారు దిగకుండానే భయపడింది. దూషణ వల్ల ఉద్రిక్తత పెరుగుతోందని తీర్మానించి తిట్లను నిషేధించింది. ఆనాటి నుంచి బయటకు రాని ఒక్కో తిట్టూ నోట్లో గులకరాయిగా మారుతోంది. ఇప్పుడు కట్టకు అటు అరవై మంది, ఇటు అరవై మంది, బుగ్గలు ఉబ్బించుకుని నిలబడి ఉన్నారు.

ఆఫీసు వరండాలో గుమాస్తా మునీర్ బల్ల వేసుకుని ఉన్నాడు.

“మల్లచ్చినవా అనసవ్వా? రేపు రారాదు?”

ఆ మాటకు వరండా పది గజాలు సాగుతుంది. ఈ ఆఫీసులో ‘రేపు’ అంటే అంతే. ఆర్డీవో సాహెబు గది తలుపు అగ్గిపెట్టెంత కనబడుతుంది.

“రేపటిదాంక వరి ఆగుతదా మునీర్ సాబ్? ఆగుతదంటే రాసియ్యి. తీస్కపోయి పొలానికి జూపిస్త.”

మునీర్ నిజంగానే కలం తీసి రాయబోతాడు. వరండా ఇంకో పది గజాలు పెరుగుతుంది.

“ఆ మాట రాయకు, అనకు. నా మోకాళ్ళు నొస్తున్నయ్.”

మునీర్ నోరు మూసుకుని కూర్చుంటాడు. వరండా మెల్లగా వెనక్కి ముడుచుకుంటుంది. నాలుగు అడుగుల్లో ఆమె గదిలో ఉంటుంది.

చేతులు గోడకున్న అద్దాల పెట్టెలో ఉన్నాయి, ఒకదాన్నొకటి పట్టుకుని. గోళ్ళు కత్తిరించి, పౌడరు అద్ది ఉన్నాయి. ఆర్డీవో కుర్చీలోంచి లేవడు.

“చేతులకేం లోటు లేదమ్మా. రోజూ తుడిపిస్తున్నాం. పైనుంచి తనిఖీకి వస్తే శాంతి ఉందని చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.”

“శాంతి ఈ పెట్టెల ఉంటే, కట్ట మీద ఉన్నదేంది సారూ?”

“అక్కడా శాంతే. చప్పుడు లేదని రిపోర్టు వచ్చింది.”

“చప్పుడు లేదనే నేనచ్చిన. నోట్లె రాళ్ళున్నోడు ఎట్ల మాట్లాడుతడు? ఎడమ చేతిలకు ఉమ్ముకుంటడు. తర్వాత ఇసురుతడు.”

ఆమె అడగకుండానే పెట్టె తెరుస్తుంది. చేతులు విడిపోవు. ఇన్నాళ్ళూ ఫొటో కోసమే ఉండి, వదలడం మరిచిపోయాయి. ఆర్డీవోకు కూడా కంగారు పుడుతుంది. విడిపోవలసిందిగా ఉత్తర్వు రాసి, ముద్ర వేసి, నిలబడి చదువుతాడు. చేతులు మర్యాదగా వింటాయి. విడిపోవు.

అనసవ్వ కొంగు దోపుకుంటుంది.

“ఓ జానకిరాములు చెయ్యీ! ఎండిన సొరకాయ బుర్రా! ఏటేటా జానెడు గట్టు గీకి బుక్కింది నువ్వు గాదా? ఓ ఓదెలు చెయ్యీ! నీ ఎడ్లకున్న సిగ్గు నీకున్నదా? పెండ్లి పందిట్ల పిల్ల చెయ్యి అనుకోని పంతులు చెయ్యి పట్టినోనివి!”

వేళ్ళ కణుపులు ఎర్రబడతాయి. ఒక చెయ్యి మెల్లగా రెండోదాన్ని గిల్లుతుంది. రెండోది చట్టుమని కొడుతుంది. విడిపోతాయి.

“ఇది నిషేధం కదమ్మా,” అంటాడు ఆర్డీవో నీరసంగా.

“అందుకే పనిచేసింది.”

ఆమె వాటిని ఒడిలో వేసుకుని కట్ట మీదికి వస్తుంది. దారి పొడుగునా అవి ఒడిలో కొట్లాడుకుంటూనే ఉంటాయి. ఆమె ఎవరి చెయ్యి వాళ్ళకు తొడుగుతుంది, గాజు తొడిగినట్టు. ఇద్దరూ పిడులు పట్టుకుంటారు. నూట ఇరవై మంది చూస్తుంటారు. ఎవరి ఎడమ చెయ్యీ ఖాళీగా లేదు, అప్పటికే ఒక్కో రాయి ఉంది.

జానకిరాములు నోరు తెరుస్తాడు. మొదట రాయి రాలుతుంది, వెనకే తిట్టు వస్తుంది.

“ఓదెలుగా, నీ మీసం జూసి మా బర్రె పాలియ్యడం మానేసింది!”

“మీ బర్రె నిన్ను జూసి మానేసింది బావా. మధ్యల నా మీసమేం జేసింది?”

తూము పలక అంగుళం లేస్తుంది. అటువైపు ఎవడో నవ్వు ఆపుకోలేక నోట్లో రాళ్ళన్నీ కాలువలోకి కక్కేసి, చేతిలోదీ పారేస్తాడు. ఇటువైపు ఇంకొకడు. టపటపా రాళ్ళు పడుతుంటే నీళ్ళు రెండు పాయలై రెండు ఊళ్ళ వైపూ దారి పడతాయి. వరి మొదళ్ళు గుటకలు వేసే చప్పుడు అనసవ్వకు వినబడుతుంది. ఆమె చెయ్యెత్తదు. ఇవాళ తిట్లు చాలా ఉన్నాయి.

అప్పుడే పొలాల మీదుగా ఆర్డీవో ఆఫీసు నడిచి వస్తుంది. స్తంభాలే కాళ్ళు. మెట్లను పంచెలా ఎగ్గట్టుకుంది. అద్దాల పెట్టెలోని తన శాంతిని తనకు ఇచ్చెయ్యమని అడగడానికి వచ్చి, దాహమేసి, కాలువ పక్కన మోకాళ్ళు వంచి నీళ్ళు తాగుతోంది. కిటికీల నిండా కమిటీ పెద్దలు. గుటక గుటకకూ గోడలు మెత్తబడి, పునాదుల్లోంచి తెల్లటి వేళ్ళు బురదలోకి పాకుతున్నాయి. పైకప్పు మీద అప్పుడే లేత ఆకు ఒకటి విచ్చుకుంది.

పెద్దలారా, ఆ ఆఫీసు మీరు లోపల కూర్చుని ఉండగానే పాతుకుపోతుంది. వేళ్ళు లోతుకు దిగితే మిమ్మల్ని పెరికే తీరిక ఈ ఊళ్ళకు లేదు. నిషేధం కాగితం చించండి. చెప్పులు విడవండి. కిటికీలోంచైనా సరే, దూకండి. ఇప్పుడే బురదలోకి దిగండి.